హైదరాబాద్ ఎండల్లో వైన్ ఫ్రిజ్: కొంటే కంప్రెసర్‌దే కొనండి, విస్కీకైతే బీరువా చాలు

ముందే చెప్పేస్తున్నా, హైదరాబాద్‌లో ఉంటూ ఇంటికి వైన్ ఫ్రిజ్ కొనాలనుకుంటే కంప్రెసర్ ఉన్నదే కొనండి, థర్మోఎలక్ట్రిక్ (కంప్రెసర్ లేకుండా చల్లబరిచేది) అని రాసి ఉన్నది ఎంత తక్కువకి వచ్చినా, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు. ఇంకో మాట, మీ ఇంట్లో ఉండేది విస్కీ, రమ్ము, వోడ్కా మాత్రమే అయితే ఏ వైన్ ఫ్రిజ్జూ అక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి బాటిళ్ళు కొనుక్కోండి. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో కింద వివరంగా రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

నేను వాడుతున్నది 12 బాటిళ్ళ కంప్రెసర్ మెషిన్, మణికొండలో మా ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ పక్కన ఉంటుంది. మా అక్కావాళ్ళు నిజాంపేటలో ఉంటారు, బావగారికి ఆఫీసువాళ్ళు గిఫ్ట్‌గా ఇచ్చింది థర్మోఎలక్ట్రిక్, అదీ 12 బాటిళ్ళదే. రెండూ ఒకే ఎండాకాలం దాటాయి కాబట్టి పోల్చి చూసే వీలు దొరికింది. కంపెనీ పేర్లు రాయట్లేదు, ఎందుకంటే ఇక్కడ తేడా కంపెనీది కాదు, లోపల చల్లబరిచే పద్ధతిది, వేరే కంపెనీ మెషిన్ తెచ్చుకున్నా ఇదే లెక్క వస్తుంది.

థర్మోఎలక్ట్రిక్‌లో కంప్రెసరూ గ్యాసూ ఏమీ ఉండవు, ఒక చిన్న పలక ఉంటుంది, దానికి కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడుతుంది, రెండో వైపు వేడెక్కుతుంది, 1834లో ఫ్రాన్స్‌లో పెల్టియే అనే ఆయన కనిపెట్టిన సూత్రం ఇది. వేడెక్కిన వైపు నుంచి ఆ వేడిని ఫ్యాన్ బయటికి ఊదేస్తుంది. చప్పుడు తక్కువ, అదురు దాదాపు ఉండదు, చల్లటి దేశాల్లో వాళ్ళకి ఇది నిజంగా మంచి వస్తువు. చిక్కల్లా ఏంటంటే ఇది గది వేడి కంటే ఇన్ని డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు, మామూలుగా 12 నుంచి 15, బాగా చేసినదైతే ఇంకొంచెం. గది 24 ఉన్న ఊళ్ళో లోపల 10, 12 వచ్చేస్తుంది, అంతకంటే ఏం కావాలి. మన దగ్గర మే నెలలో బయట 42 కొడుతున్నప్పుడు ఏసీ వేయని హాల్ సాయంత్రానికి 36, 37 ఉంటుంది, అందులోంచి 15 తీసేయండి, 21, 22 మిగుల్తుంది, అదీ ఫ్యాన్ రాత్రీపగలూ ఆగకుండా తిరిగితే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, సరిగ్గా ఆ రోజుల్లోనే బావగారింట్లో చూశా. డిస్‌ప్లేలో 16 చూపిస్తోంది. "16 ఉందిగా, ఇంకేం కావాలి నీకు" అన్నారు బావగారు. "ఒక్క గ్లాసు నీళ్ళు లోపల పెట్టి రేపు కొలుద్దాం బావగారూ, గాలి వేడి వేరు, బాటిల్లో ఉన్నదాని వేడి వేరు" అన్నా. మర్నాడు వంటింట్లో వాడే ప్రోబ్ థర్మామీటర్ ముంచితే నీళ్ళు 21 ఉన్నాయి. సెన్సర్ ఆ చల్లటి పలక దగ్గరే ఉంటే డిస్‌ప్లే మనకి కావాల్సిన అంకె చూపిస్తుంది, బాటిళ్ళు మాత్రం వాటి వేడిలో అవి ఉంటాయి. మా ఇంట్లో అదే వారంలో హాల్ 38 ఉన్నప్పుడు నాది 13కి సెట్ చేసి ఉంటే కింది అరలో నీళ్ళు 14, పై అరలో 16 చూపించాయి. పైకీ కిందికీ ఆ రెండు డిగ్రీల తేడా ఎప్పుడూ ఉంటుంది, దాన్నే వాడుకోవచ్చు, రెడ్లు పైన, వైట్లు కింద. మీరు ఏ మెషిన్ తెచ్చుకున్నా ఈ నీళ్ళ గ్లాసు పరీక్ష రిటర్న్ గడువు దాటకముందే చేయండి.

కొనేముందు ఇంకొకటి చూడాలి, షాపులో సేల్స్ కుర్రాళ్ళు దీని గురించి ఎత్తరు. మెషిన్ వెనకాలో లోపల పక్క గోడ మీదో స్టిక్కర్ ఉంటుంది, అందులో క్లైమేట్ క్లాస్ అని ఎన్, ఎస్‌టీ, టీ లాంటి అక్షరాలు ఉంటాయి. ఎన్ అంటే గది 32 డిగ్రీల వరకు ఉన్నప్పుడే దాని పనితీరుకి భరోసా, ఎస్‌టీ అంటే 38 వరకు, టీ అంటే 43 వరకు. ఎస్ఎన్ అని కూడా ఉంటుంది, దానిదీ పై హద్దు 32 డిగ్రీలే. హైదరాబాద్‌లో పై అంతస్తు ఫ్లాట్, పడమటి ఎండ పడే హాల్ అయితే టీ ఉన్నదే తీసుకోండి, మధ్య అంతస్తుల్లో నీడ పట్టున పెట్టేట్టయితే ఎస్‌టీ సరిపోతుంది. కంప్రెసర్ ఉండి కూడా ఎన్ క్లాస్ అయితే మేలో అది ఆపకుండా తిరుగుతూనే ఉంటుంది, త్వరగా అరిగిపోతుంది.

ఇక నా మెషిన్ గురించి. కూలింగ్‌కి వంక పెట్టడానికి లేదు, జూన్ మొదటి వానలు పడేదాకా నిలకడగా ఉంది. చప్పుడు ఉంది, రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక కంప్రెసర్ ఆన్ అయితే తెలుస్తుంది, అందుకే పడగ్గదిలో పెట్టకండి. అదురు గురించి చాలామంది భయపెడతారు, పదేళ్ళు దాచే బాటిళ్ళకైతే ఆలోచించాలి, మనం ఏడాది రెండేళ్ళలో తాగేసే వాటికి వేడి ముందు అదురు లెక్కే కాదు. 12 బాటిళ్ళు అన్న మాట నమ్మొద్దు, ఆ లెక్క సన్నటి నిటారు భుజాల బాటిళ్ళకే, దాదాపు 7.5 సెంటీమీటర్ల వెడల్పువి. స్పార్క్లింగ్ (షాంపేన్‌లా నురగొచ్చే వైన్) బాటిళ్ళు లావుగా ఉంటాయి, ఒకటి పెడితే పక్కన ఖాళీ వదలాల్సిందే, ఒక్కోసారి పై అర బయటికి తీసేస్తే గానీ పట్టదు, కాబట్టి మీరు ఎన్ని ఉంచుకోవాలనుకుంటున్నారో దానికి ఒకటిన్నర రెట్లు కెపాసిటీ చూసుకోండి. జులైలో వానలప్పుడు తలుపు అద్దం మీద చెమట పట్టినట్టు నీళ్ళు కారతాయి, కింద పాత తువ్వాలు వేశాం, అది మెషిన్ లోపం కాదు. వెనకా పక్కనా చోటు వదలాలి, వెనక నుంచి వేడి వదిలే మోడల్‌ని కబోర్డ్ లోపల దూర్చి ఇంటీరియర్ వాళ్ళు అందంగా ప్యానెల్ కొట్టేస్తే అది ఉక్కిరిబిక్కిరి అయిపోద్ది, కబోర్డ్‌లో పెట్టాలంటే ముందు వైపు నుంచి వేడి వదిలే బిల్ట్-ఇన్ మోడల్ వేరే ఉంటుంది, అది అడగండి.

కరెంటు పోతే ఏంటని అక్క అడిగింది. తలుపు తీయకుండా ఉంటే నిండా బాటిళ్ళున్న మెషిన్ కొన్ని గంటలు చల్లదనం పట్టి ఉంచుకుంటుంది, దీని కోసం ఇన్వర్టర్ మీద భారం వేయక్కర్లేదు. ఓల్టేజ్ ఎగుడుదిగుడుగా ఉండే కాలనీ అయితే స్టెబిలైజర్ మాత్రం పెట్టండి.

అసలు ఇంత హడావుడి ఎందుకంటే వైన్‌కి వేడే శత్రువు. దాచడానికి 12 నుంచి 14 డిగ్రీలు, గాలిలో తేమ 60, 70 శాతం, చీకటి, ఇవి ఉంటే చాలు. వేడెక్కితే లోపల వైన్ వ్యాకోచించి కార్క్‌ని పైకి తోస్తుంది, రాత్రి చల్లబడితే మళ్ళీ కుంచించుకుని గాలిని లోపలికి పీలుస్తుంది, రోజూ ఇదే జరిగితే ఆ గాలిలోని ఆక్సిజన్ రుచిని తినేస్తుంది. తెల్లారి దించిన కల్లు మధ్యాహ్నానికి ఎలా పులిసిపోతుందో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, అక్కడ పని చేసేది ఈస్టూ బాక్టీరియా, ఇక్కడ ఆక్సిజన్, కానీ రెండు చోట్లా వేడి తోడైతే వేగం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి మార్పుల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క. అందుకే పొద్దున 28, సాయంత్రం 37 అయ్యే షెల్ఫ్ కంటే ఏడాదంతా కదలకుండా 18 ఉండే చోటు చాలా నయం.

అలాగని వైన్ తాగే ప్రతి ఇంటికీ ఈ మెషిన్ కావాలని నేననను, ఇది మామూలు సింగిల్ డోర్ ఫ్రిజ్ కంటే ఖరీదు. నెలకి ఒకటో రెండో బాటిళ్ళు తెచ్చుకుని ఆ నెలలోనే తాగేసేవాళ్ళు మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే పైన పడుకోబెట్టండి, రెండు నెలల వరకు ఏ ఢోకా లేదు. అంతకంటే ఎక్కువైతే అక్కడ 4 డిగ్రీల చలి, పైగా ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది, కార్క్ ఎండి కుంచించుకుపోతుంది, తలుపు పది నిమిషాలకోసారి తీస్తుంటాం. స్క్రూ మూత బాటిళ్ళకి ఆ ఎండిపోయే భయం లేదు, వాటిని నిలబెట్టినా పర్లేదు, కార్క్‌వి మాత్రం పడుకోబెట్టాలి, కార్క్ తడిగా ఉండాలి. మెషిన్ కావాల్సింది ఎవరికంటే, ఫారిన్ నుంచి వచ్చేటప్పుడు శంషాబాద్‌లో మనిషికి 2 లీటర్ల చొప్పున తెచ్చుకునే అలవాటున్నవాళ్ళకి, పెళ్ళిరోజుకని ఒకటి దాచుకునేవాళ్ళకి, వైన్ తయారుచేసే నాసిక్ వెళ్ళొచ్చాక వైన్ మీద ఇష్టం పెరిగినవాళ్ళకి. ఇంట్లో పెద్దవాళ్ళకి కనపడకూడదని అటక మీద, కారు డిక్కీలో పెట్టేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి, అటక ఇంట్లో అన్నిటికంటే వేడి చోటు, ఎండలో ఆగిన కారు లోపల 60 డిగ్రీల దాకా పోద్ది, అక్కడ ఒక్క మధ్యాహ్నం చాలు వైన్ ఉడికిపోవడానికి.

మెషిన్ ఎంత మంచిదైనా షాపులోనే పాడైన బాటిల్‌ని బాగుచేయలేదు, అందుకే కొనే చోటు గురించి కూడా రాయాలి. మన వీధి చివర వైన్స్‌లో బీరు, విస్కీ రోజూ కదులుతాయి, వైన్ మాత్రం పై అరలో నెలల తరబడి నిలబడే ఉంటుంది, రోడ్డు వైపు గ్రిల్లు, ఎండ, ఏసీ లేదు. అక్కడ విస్కీ కొనండి, వైన్ కొనొద్దు. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు లోపలికి నడిచి చూసుకునే పెద్ద ఏసీ షాపుల్లో కొనండి, అక్కడ బాటిల్ చేతికి తీసుకుని చూసుకోవచ్చు. లేబుల్ మీద బాట్లింగ్ నెల, హార్వెస్ట్ ఏడాది చూడండి, మన దేశంలో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా అవుతుంది, మన వైట్లు, రోజేలు (లేత గులాబీ రంగు వైన్లు) చాలావరకు రెండేళ్ళలోపు తాగాల్సినవి. మెడ దగ్గర రేకు కింద బంకగా ఉందా, కార్క్ పైకి ఉబ్బిందా, వైట్ వైన్ లేత గడ్డి రంగులో కాకుండా గోధుమ రంగుకి తిరిగిందా, పక్క బాటిళ్ళ కంటే ఇందులో మట్టం తగ్గిందా, వీటిలో ఏ ఒక్కటి కనపడ్డా వెనక్కి పెట్టేయండి. ఇలా చూస్తుంటే షాపతను విసుక్కోవచ్చు, పర్లేదు, డబ్బు మనది.

ఏది కొనాలి అంటే నా అభిప్రాయం ఇది. మొదలుపెట్టేవాళ్ళకి సులా వాళ్ళ చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ కంటే మంచి దారి నాకు తెలీదు, 1999లో నాసిక్‌లో మొదలైన కంపెనీ, ఆ వైన్‌లో కాస్త తీపి ఉంటుంది, మన కారానికి అదే మందు. రెడ్‌లో సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గరి ఫ్రటెల్లీ వాళ్ళ సెట్టే, సాంజొవేజే, కాబర్నే సావిన్యాన్ అనే రెండు రకాల ద్రాక్ష కలిపి చేస్తారు, ఇది మెషిన్‌లో పడుకోబెట్టి కొన్నాళ్ళు ఆగదగ్గది. బెంగళూరు దగ్గర నంది హిల్స్ గ్రోవర్ వాళ్ళ లా రిజర్వ్ అనే రెడ్ కూడా అంతే. క్రిస్మా అని హంపీ హిల్స్‌లో ఒక ఎస్టేట్ ఉంది, మన హైదరాబాద్ చిగురుపాటి దంపతులది, వాళ్ళ కాబర్నే దొరికితే వదలొద్దు, మనవాళ్ళది అని కాదు, నిజంగా శ్రద్ధగా చేస్తారు. ఫారిన్ వైన్లు ఇక్కడికి వచ్చేసరికి పన్నులతో బాటిల్ ధర చాలా పెరిగిపోద్ది, అదే డబ్బుకి మన దేశం వాటిలో మంచి రకం వస్తుంది.

సర్వ్ చేయడంలో మన ఊళ్ళో జరిగే పెద్ద పొరపాటు రెడ్ వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలి అనే మాట. ఆ మాట పుట్టిన చోట రూమ్ అంటే 16, 18 డిగ్రీలు, మన రూమ్ ఏసీ వేసినా 25. 30 డిగ్రీల రెడ్ నోట్లో పోసుకుంటే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలీదు. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో గంట, గంటన్నర పెట్టి తీయండి చాలు. బరువైన రెడ్లు 16 నుంచి 18, తేలికైనవి 14, వైట్లు రోజేలు 8 నుంచి 12, స్పార్క్లింగ్ 6 నుంచి 8. చుట్టాలొచ్చాక గుర్తొస్తే డీప్ ఫ్రీజర్లో పెట్టి మర్చిపోవడం కంటే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు రాళ్ళుప్పు వేసి మెడ దాకా ముంచండి, పావుగంట ఇరవై నిమిషాల్లో వైట్ వైన్ తయారు. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే బాటిల్‌కి అంటుకునేది తక్కువ, నీళ్ళు కలిస్తేనే నాలుగు వైపులా చలి తగుల్తుంది. స్పార్క్లింగ్‌ని వెచ్చగా ఉన్నప్పుడు ఎప్పుడూ తెరవొద్దు, లోపల ప్రెజర్ కారు టైరులో కంటే రెట్టింపు పైన ఉంటుంది, కార్క్ మీద బొటనవేలు తీయకుండా వైరు వదులు చేసి, కార్క్‌ని గట్టిగా పట్టుకుని బాటిల్‌ని తిప్పండి, మూతి ఎవరి మొహం వైపూ ఉండకూడదు.

మెషిన్ పెట్టాక భోజనంతో దీన్ని కలపడం మీద నాకు బాగా ఇష్టం పెరిగింది. బిర్యానీకి రెడ్ అని చాలామంది అనుకుంటారు, మాంసం కదా అని. రెడ్‌లో వగరు, ఎక్కువ ఆల్కహాల్ రెండూ కారాన్ని ఇంకా రెచ్చగొడతాయి, మిర్చి కా సాలన్‌తో అయితే నోరు మండిపోద్ది. బిర్యానీ పక్కన 9 డిగ్రీల చెనిన్ బ్లాంకో రోజేనో పోసి చూడండి, ఆ కాస్త తీపీ చలువా కారాన్ని సర్దేస్తాయి, మసాలా వాసన పైకి లేస్తుంది. గోంగూర మటన్‌కి అసలు కష్టం, అంత పులుపు ముందు తక్కువ పులుపున్న వైన్ నీళ్ళలా అయిపోద్ది, సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ లాంటి గట్టి పులుపున్నదే నిలబడుతుంది. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది కదా, ఆ రోజు రాంనగర్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందు ఉండదు, మేం తెచ్చేది కొర్రమీను, అక్క పులుసు పెడుతుంది, కొన్ని ముక్కలు వేపుడు చేస్తుంది. వేపుడు ముక్క, ఉల్లిపాయ, నిమ్మకాయ, పక్కన చల్లటి సావిన్యాన్ బ్లాంక్, నాకు ఏడాదిలో అన్నిటికంటే నచ్చే భోజనం అదే. పులుసుకి మాత్రం చింతపండు వల్ల ఏ వైనూ నాకు కుదర్లేదు, పులుసన్నం ఉత్తగానే తింటాం. సెట్టే లాంటి రెడ్లు కారం లేని వాటికి ఉంచండి, మిరియాలు వేసిన మటన్ చాప్స్, కబాబులు, ఆ బాపతు.

గ్లాసులకి పెద్ద ఖర్చు అక్కర్లేదు, పైన కాస్త ముడుచుకున్నట్టుండే మామూలు కాడ గ్లాసు, మూడో వంతు మించి పోయొద్దు, అప్పుడే తిప్పినా ఒలకదు, వాసన లోపలే ఉంటుంది. ఒక బాటిల్‌కి 150 ఎంఎల్ చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి, నలుగురికి పిలుపులు పెట్టేటప్పుడు ఆ లెక్క వేసుకోండి. మన బోరు నీళ్ళతో కడిగితే గ్లాసుల మీద తెల్లటి మరకలు పడతాయి, చివరి కడుగుడు ఫిల్టర్ నీళ్ళతో చేసి తిరగేయకుండా గుడ్డతో తుడవండి. ఐసు కూడా ఫిల్టర్ నీళ్ళతోనే, ఉప్పు బోరు నీళ్ళ ఐసు వేస్తే మంచి విస్కీ కూడా ఉప్పగా తగుల్తుంది. వచ్చినవాళ్ళని క్యాబ్‌లోనే పంపండి, రక్తంలో 100 ఎంఎల్‌కి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటి బండి నడిపితే కేసు, ఒకటి రెండు గ్లాసులకే ఆ గీత దాటొచ్చు.

మిగిలిపోయిన వైన్ గురించి. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెడ్డైనా వైటైనా మూడు నుంచి ఐదు రోజులు, స్పార్క్లింగ్ అయితే దాని స్టాపర్ పెట్టి రెండు రోజులు. రెడ్ కూడా ఫ్రిజ్‌లోనే, బయట కాదు. ఇద్దరే ఉండే ఇళ్ళకి నేను చెప్పే చిట్కా ఏంటంటే, బాటిల్ తెరిచిన వెంటనే సగం తీసి శుభ్రంగా కడిగి ఆరబెట్టిన 375 ఎంఎల్ స్క్రూ మూత బాటిల్‌లో మూతి దాకా నింపి బిగించేయండి, గాలికి చోటుండదు, వారం గడిచినా బాగుంటుంది. గాలి లాగేసే పంపు కూడా వాడి చూశా, కొంచెం ఉపయోగం ఉంది కానీ ఈ చిన్న బాటిల్ పద్ధతే మెరుగు.

ఇప్పుడు విస్కీ, రమ్ము సంగతి. వీటిలో 40 శాతానికి పైన ఆల్కహాల్, మన దేశంలో చాలావాటి మీద 42.8 అని ఉంటుంది, ఆ బలానికి సూక్ష్మజీవులు బతకవు, బాటిల్ మూత తీయనంత కాలం ఏళ్ళు గడిచినా పెద్దగా మారదు. మారదు అంటే బాగుపడదు కూడా, 12 ఏళ్ళ విస్కీని మన బీరువాలో ఇంకో పదేళ్ళు పెట్టినా అది 12 ఏళ్ళదే, ఎందుకంటే వయసు చెక్క పీపాలోనే వస్తుంది. ఆ పీపాల దగ్గర మాత్రం మన ఎండ పని చేస్తుంది, స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి దాదాపు 2 శాతం ఆవిరైతే బెంగళూరులో విస్కీ చేసే అమృత్ వాళ్ళకి 10 శాతం పైనే పోద్ది, అందుకే తక్కువ ఏళ్ళలోనే వాళ్ళ సింగిల్ మాల్ట్ విస్కీ అంత చిక్కగా తయారవుతుంది, 2004లో వాళ్ళు దాన్ని మొదట అమ్మకానికి పెట్టింది స్కాట్లాండ్‌లోనే, గ్లాస్గోలో. సీసాలోకి వచ్చాక దానికి కావాల్సింది చీకటి, నిలువుగా ఉండటం, అంతే. పడుకోబెడితే ఆ ఘాటు ఆల్కహాల్ కార్క్‌ని పిండి పిండి చేసేస్తుంది, వైన్‌కి చెప్పిందానికి ఇది పూర్తిగా ఉల్టా. హాల్లో అద్దాల షోకేస్‌లో లైటింగ్ పెట్టి, మధ్యాహ్నం ఎండ పడేలా అమరుస్తారు కొంతమంది, రంగు పాలిపోతుంది, రుచి చప్పబడుతుంది. బీరువా కింది అర, పడమటి గోడకి ఆనకుండా, అది చాలు. సగం కంటే తగ్గాక ఏడాదిలోపు తాగేయండి, లేదా చిన్న బాటిల్‌కి మార్చండి. చెక్కుడు గాజు డికాంటర్లు (విస్కీ పోసి పెట్టే అలంకార సీసాలు) బహుమతులుగా వస్తుంటాయి, పాత క్రిస్టల్ గాజులో సీసం ఉంటుంది, నెలల తరబడి అందులో ఉంచితే అది విస్కీలోకి దిగుతుంది, చుట్టాలొచ్చిన సాయంత్రం పోసి ఆ రాత్రికే ఖాళీ చేయండి.

ఎండాకాలంలో విస్కీ పోసేటప్పుడు బాటిల్ కూడా 35 డిగ్రీలుంటుంది, మూత తీయగానే ఘాటు ముక్కుకి కొడుతుంది, గంట ముందు వైన్ ఫ్రిజ్ పై అరలో నిలబెడితే బాగుంటుంది, లేదా ఒక్క పెద్ద ఐసు ముక్క. వోడ్కా ఫ్రీజర్‌లో పెట్టినా గడ్డకట్టదు, ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది, దానికి ఇంకా చాలా కింద కావాలి. స్పిరిట్స్ అనుకుని జనం బయట వదిలేసేవి రెండున్నాయి. ఒకటి వెర్మూత్, అది నిజానికి వైనే, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు నెలల్లో అయిపోగొట్టాలి. రెండోది బెయిలీస్ లాంటి క్రీమ్ లిక్కర్లు, అందులో పాల మీగడ ఉంటుంది, 25 డిగ్రీలు దాటకూడదు, మన హైదరాబాద్‌లో అది ఫ్రిజ్‌లోనే ఉండాలి, తేదీ చూసుకోవాలి.

సర్వీసింగ్ గురించి చెప్పి ఆపేస్తా. వైన్ ఫ్రిజ్ కంపెనీల సర్వీస్ సెంటర్లు అన్ని చోట్లా ఉండవు, కొనేముందు హైదరాబాద్‌లో మనుషులున్నారా అని అడగండి. కంప్రెసర్ మోడల్‌తో ఉన్న సుఖం ఏంటంటే గ్యారెంటీ అయిపోయాక కూడా మామూలు ఫ్రిజ్ మెకానిక్ దాన్ని చూడగలడు, థర్మోఎలక్ట్రిక్ అయితే ఆ పలక పోతే అదే పలక దొరకాలి. వెనకాల కాయిల్స్ మీద దుమ్ము మూడు నెలలకోసారి బ్రష్‌తో దులపండి, తలుపు రబ్బరు తడిగుడ్డతో తుడవండి, కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే ఈజీగా వచ్చేస్తే రబ్బరు పట్టు వదిలినట్టే. గ్యాస్ నింపాల్సి వస్తే స్టిక్కర్ మీద ఏం రాసుందో మెకానిక్‌కి ముందే చూపించండి, చాలా చిన్న మెషిన్లలో ఆర్600ఏ ఉంటుంది, అది మండే గ్యాసు, వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బాల్కనీలోకి జరిపించండి.